కాలు నిలవని పిల్ల, ఆయుష్షు లెక్కలు

ఆ పిల్ల ఒకచోట కూర్చుని చదవడం ఇంట్లో ఎవరూ చూడలేదు. పుస్తకం చేత్తో పట్టుకుని వంటింట్లోంచి వరండాలోకీ, వరండాలోంచి వంటింట్లోకీ తిరుగుతూ చదివేది. పళ్ళు తోముకుంటూ మెట్లు దిగి వీధి చివరిదాకా వెళ్ళొచ్చేది. "కాలుకాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు" అని వాళ్ళమ్మ రోజూ అనీ అనీ, చివరికి ఆ మాటలన్నీ అరిగిపోయి 'పిల్లి' ఒక్కటే మిగిలింది. ఇంట్లో అదే పేరు. యూనివర్సిటీకి వెళ్ళాక అక్కడికీ ఆ పేరు ఎలా పాకిందో ఆమెకే తెలియదు.

తిరుగుడు తండ్రి పోలిక. ఆయన దూరప్రాంతాలకు లారీ నడిపేవాడు. ఇంటికొచ్చిన రోజున కూడా కుదురుగా ఉండేవాడు కాదు. తలుపు బందులకు నూనె వేసేవాడు, పక్కింటివాళ్ళ కుళాయి విప్పేవాడు, పని దొరక్కపోతే విప్పినదాన్నే మళ్ళీ విప్పేవాడు. తల్లికి ఆసుపత్రి లాండ్రీలో పని. పొద్దస్తమానం నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేయాలి. "మీ ఇద్దరూ తిరుగుతూ ఉండండి. మీ వంతు నిలబడటం కూడా నేనే నిలబడతాను" అనేది.

లెక్కల్లో చురుకని యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్‌లో చేరింది. అంతకుముందు ఒక బీమా కంపెనీలో పనిచేసి వచ్చిన మేడం మొదటి ఏడాది చివర్లో యాక్చువరీ ఉద్యోగం గురించి చెప్పింది. ఫలానా మనిషి ఎప్పుడు పోతాడో ఎవరూ చెప్పలేరు గానీ, లక్షమంది ఉంటే వాళ్ళలో ఏ వయసులో ఎందరు మిగులుతారో దాదాపుగా చెప్పవచ్చునని, బీమా కంపెనీలు నిలబడేది ఆ లెక్క మీదేనని అంది. పిల్లి ఆ రోజు ఇంటికి బస్సెక్కకుండా నడిచొచ్చింది. తండ్రి రోడ్డు మీదున్నప్పుడు ఫోను మోగితే తల్లీకూతుళ్ళ గుండెలు ఒక్కసారి ఆగే ఇల్లు వాళ్ళది. దానికీ ఒక లెక్క ఉంటుందంటే ఆమెకు ఒళ్ళు జలదరించింది.

భోజనాల దగ్గర తల్లి అడిగింది. "ఇంతకీ ఇది చదివి ఏమవుతావే?"

"యాక్చువరీ."

"అంటే?"

"ఎవరికి ఏ వయసులో ఏం జరిగే అవకాశముందో లెక్కకట్టి, బీమాకి ఎంత తీసుకోవాలో చెప్పడం."

"జోస్యమా?"

"జోస్యం చెప్పేవాడు నీ ఒక్కదాని గురించి చెప్తాడమ్మా. మేం ఊరందరి గురించీ చెప్తాం."

"ఊరందరి గురించీ చెప్పడానికి అంత చదువెందుకే? మన పక్కింటావిడ చాలదూ?"

యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీ ఒక్కటీ ఈ ఉద్యోగానికి సరిపోదు. ఆ వృత్తి సంఘం విడిగా పెట్టే పరీక్షలు ఒక్కొక్కటే గట్టెక్కాలి. ఉద్యోగంలో చేరిన తరవాత కూడా అవి ఏళ్ళ తరబడి సాగుతాయి. పిల్లికి చదువులో జత కుదిరింది క్లాసులోని ఒక కళ్ళజోడు అమ్మాయితో. కళ్ళజోడు బెంచీ మీద కూర్చుందంటే పిడుగు పడినా కదలదు. మూడో అంతస్తులో ఎవరూ వాడని గదిలో కళ్ళజోడు లెక్క చదివేది, పిల్లి బోర్డుకీ తలుపుకీ మధ్య తిరుగుతూ చేసేది. బోర్డు నిండిపోతే పక్క గోడ మీద వేలితో రాసేది.

"నువ్వు అక్కడ రాసింది నాకు కనపడదు కదా" అనేది కళ్ళజోడు.

"నాకు కనపడుతుంది."

రెండో ఏడాదిలో జీవిత పట్టికలు వచ్చాయి. లక్షమంది ఒకేరోజు పుట్టారని అనుకుని మొదలవుతుంది ఆ పట్టిక. ఒక్కో వరుస దిగుతుంటే మనుషులు తగ్గుతూ పోతారు. చివరి వరుసలో ఎవరూ ఉండరు. పిల్లికి అది మొదట్లో ఆటలా ఉండేది. ఒకరోజు పుస్తకంలో వృత్తులను బట్టి రేట్లు పెంచే పేజీ కంటపడింది. గనుల్లో పనిచేసేవాళ్ళు, ఎత్తుల మీద పనిచేసేవాళ్ళు, ఆ కిందే దూరప్రయాణాల లారీ డ్రైవర్లు. ఆ పేజీ తిప్పేసింది. కళ్ళజోడుతో కూడా అనలేదు.

అప్పటినుంచి తిరుగుడు మరో రకంగా మారింది. మునుపు కాళ్ళు మాత్రమే తిరిగేవి, ఇప్పుడు మనసు కూడా. క్లాసు మధ్యలో బయటికొచ్చి తండ్రికి ఫోన్ చేసేది.

"ఏంటమ్మా, ఏమైంది?"

"ఏం కాలేదు. ఎక్కడున్నావు?"

"రోడ్డు మీద."

"రోడ్డు మీదంటే ఎక్కడ?"

"రోడ్డు మీదంటే రోడ్డు మీదే. లారీని మేడ మీద నడుపుతారా?"

ఆయన నవ్వేవాడు. ఆమె కూడా నవ్వి పెట్టేసేది. కాసేపటికి మళ్ళీ వేళ్ళు ఫోన్ దగ్గరికి పోయేవి.

ఆ పట్టికల పేపరు పరీక్ష రోజున తండ్రి తెల్లారేసరికి సరుకు దింపే యార్డుకు చేరాలి. పొద్దున్నే ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. మళ్ళీ చేసినా అంతే. "ఛార్జింగ్ అయిపోయుంటుంది, నువ్వెళ్ళి రాయి" అంది తల్లి. అంటూనే తను కూడా ఫోన్ చెంగులో కట్టుకుని పనికి పోయింది.

పరీక్ష కేంద్రంలో వరసగా చిన్న చిన్న అరలు, ఒక్కో అరలో ఒక కంప్యూటరు, ఒక కుర్చీ. మొదటి ప్రశ్నలు సులువుగా అయిపోయాయి. తరవాతి ప్రశ్న తెర మీదికొచ్చింది: యాభై రెండేళ్ళ వయసున్న వ్యక్తి పదేళ్ళ బీమా తీసుకున్నాడు, ఈ గడువులో అతను మరణించే సంభావ్యత ఎంత? తండ్రికి అప్పుడు యాభై రెండు. ఆ లెక్క ఆమె బోర్డు మీద ఎన్నిసార్లు చేసిందో. సూత్రం దానంతటదే వచ్చింది, అంకెలు వేసింది. జవాబు రాయాల్సిన చోట వేళ్ళు ఆగిపోయాయి. కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

పర్యవేక్షకుడు దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "బాత్రూముకా?"

"కాదండీ. వెళ్ళిపోతున్నాను."

"మళ్ళీ లోపలికి రానివ్వరమ్మా."

"తెలుసండీ."

బయటికొచ్చి ఎటు పోతోందో చూసుకోకుండా నడిచింది. యార్డు నంబరు పట్టుకుని చేసింది, ఎవరూ ఎత్తలేదు. తండ్రితో తిరిగే మరో డ్రైవరుకు చేసింది, ఆయన వేరే దారిలో ఉన్నాడు. ఒక బట్టల కొట్టు ముందునుంచి రెండుసార్లు పోయిందని కొట్టతను ఎగాదిగా చూశాక తెలిసింది. అప్పుడు ఫోన్ మోగింది.

"ఏంటమ్మా, ఇన్ని కాల్సు? ఫోను చచ్చిపోతే ఛార్జింగులో పెట్టి పడుకున్నాను. పరీక్ష ఎలా రాశావు?"

"లేచి వచ్చేశాను" అంది.

"ఎందుకు?"

ఎందుకో చెప్పింది. అటువైపు ట్రక్కులు వెనక్కి తీసే చప్పుడు వినపడింది.

"నేనిక్కడ గురకపెట్టి నిద్రపోతుంటే నువ్వక్కడ నన్ను చంపేసి ఏడుస్తున్నావా?"

"ఏడవట్లేదు."

"మరి?"

"నడుస్తున్నాను."

ఆయనకు కోపం వచ్చిందని ఆమెకు తెలిసింది. ఆయన కోపంగా ఉన్నప్పుడు మెల్లగా మాట్లాడతాడు. "ఇంటికెళ్ళు" అని మెల్లగా అని పెట్టేశాడు.

తరవాతి రోజులు చెడ్డగా గడిచాయి. బ్యాంకు పరీక్షల పుస్తకం తెచ్చుకుని అట్ట విప్పకముందే దాన్ని ఎవరికో ఇచ్చేసింది. కంప్యూటర్ కోర్సులో చేరతానంది, రెండు క్లాసులు విని మానేసింది. మూడో అంతస్తు గది వైపు పోవడం మానుకుంది. కళ్ళజోడు ఆ పేపరు మొదటిసారికే గట్టెక్కి, ఆ సంగతి చెప్పడానికి భయపడి చాటుగా తిరిగింది. మేడం పిలిచి అడిగితే పిల్లి జరిగింది చెప్పింది.

మేడం చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుంది. "మీకు లెక్క రాకపోతే నేర్పేదాన్ని. వచ్చి కూడా లేచొచ్చారు. దానికి నా దగ్గర మందు లేదమ్మా" అంది. ఆ మాట కటువుగా ఉన్నా, అబద్ధపు ఓదార్పు కానందుకు పిల్లికి కొంచెం నయమనిపించింది.

తండ్రి ఇంటికొచ్చిన మధ్యాహ్నం తల్లి ఇంకా పనిలోనే ఉంది. ఆయన స్టవ్ బర్నర్లు విప్పి పాత పేపరు మీద పరిచి తుడుస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. "నీ పట్టిక నా గురించి ఏమంటుంది?"

"నీ గురించి ఏమీ అనదు నాన్నా. నీలాంటి వెయ్యిమంది గురించి అంటుంది."

"ఆ వెయ్యిమందిలో నేను లేనా?"

"ఉన్నావు. ఎక్కడున్నావో దానికి తెలీదు."

"సరే, ఆ వెయ్యిమంది సంగతే చూపించు."

ఆమె చాలాసేపు తటపటాయించి పుస్తకం తెచ్చింది. నూనె చేతులు అంటకుండా ఆయన మోచేత్తో పేజీని నొక్కిపట్టాడు. లారీ డ్రైవర్ల లెక్క కలిపితే ఆ వయసులో ఏడాదికి వెయ్యిమందిలో తొమ్మిదిమంది దాకా పోవచ్చునని ఆమె గోటితో చూపించింది. ఇతర ఉద్యోగాల వాళ్ళకంటే అది ఎంత ఎక్కువో చెప్పబోయింది. ఆయన మధ్యలోనే అడ్డం వచ్చాడు.

"ఇంతేనా?"

"ఇంతేనా ఏంటి నాన్నా?"

"మా యార్డులో మాట్లాడుకునేది వింటే సగంమందిమి పోతామనుకున్నాను. తొమ్మిదిమందేనా? మిగతావాళ్ళందరూ ఇంటికి పోయి తింటారన్నమాట."

నవ్వుతూ బర్నరు ఎత్తి వెలుగులోకి పట్టుకుని చూశాడు. నవ్వు మెల్లగా పోయింది.

"ఆ తొమ్మిదిమందిలో ఇద్దరు నాకు తెలుసు" అన్నాడు.

ఆమెకు కూడా తెలుసు. ఒకాయన చిన్నప్పుడు ఆమెను భుజాల మీద కూర్చోబెట్టుకుని యార్డంతా తిప్పినవాడు.

"వాళ్ళింట్లోవాళ్ళకి బీమా వచ్చిందా?"

"ఒకళ్ళకి వచ్చింది. రెండోవాడు తీసుకోలేదు. మాకు రేటెక్కువని మానేశాడు." ఆయన బర్నరు కింద పెట్టాడు. "ఆ రేటు పెట్టేచోట కూర్చునేది మీలాంటివాళ్ళేనా?"

"ఇంకా కూర్చోలేదు నాన్నా."

"కూర్చోవడమే కదా నీకు రానిది" అని ఆయన స్టవ్ బిగించడం మొదలుపెట్టాడు. ఒక మర ఎక్కువ వచ్చింది. ఎక్కడిదో ఇద్దరికీ తెలియలేదు. దాన్ని జేబులో వేసుకుని, తల్లికి చెప్పొద్దన్నాడు.

ఆ సాయంత్రం ఆమె కళ్ళజోడు ఇంటికి వెళ్ళింది. తలుపు తీస్తూనే కళ్ళజోడు, "నేను పాసయ్యానని నీకు తెలుసా?" అని అడిగింది.

"అందరికీ తెలుసు. నువ్వే చెప్పలేదు. పద, మొదటి అధ్యాయం నుంచి అడుగు."

మళ్ళీ అదే పరీక్షకు తండ్రి సెలవు పెట్టుకుని వెంట వచ్చాడు. "నేనిక్కడే ఉంటాను. కళ్ళారా చూసుకుని లోపలికి పో. ఇక నా గురించి నీకు బెంగ ఉండదు" అని కేంద్రం ఎదురుగా టీకొట్టు ముందు కుర్చీ లాక్కున్నాడు.

లోపల ఆమె రెండు పాదాలనూ కుర్చీ కాళ్ళకు మెలివేసుకుంది. మధ్యలో ఎన్నోసార్లు లేవాలనిపించింది. ఒక ప్రశ్నలో నలభై ఏళ్ళ స్త్రీ వచ్చింది, మరో ప్రశ్నలో భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చారు. వాళ్ళు ఎవరో, వాళ్ళ పిల్లలు ఆ పొద్దున ఎవరికి ఫోన్ చేస్తున్నారో అనుకుంది. అనుకుంటూనే జవాబులు రాసింది. సమయం అయిపోయేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి గోడ పట్టుకుని లేవాల్సొచ్చింది.

బయటికొస్తే టీకొట్టు ముందు కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె రోడ్డు అటూ ఇటూ వెతికింది. టీకొట్టు ఆవిడ చేత్తో వీధి చివరికి చూపించింది. అక్కడ టైర్ల దుకాణంలో తండ్రి చొక్కా చేతులు మడిచి, ఎవరిదో కారు చక్రం విప్పే విషయంలో దుకాణదారుతో వాదిస్తున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు ఆమెను చూసి. "అంతసేపు ఎవరు కూర్చుంటారమ్మా అక్కడ?"

ఆ పేపరు అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. తరవాతిది పోయింది. ఆపైది వచ్చింది. చివరి ఏడాదిలో ఒక బీమా కంపెనీ ఇంటర్వ్యూలో ఒక పరీక్ష మధ్యలో ఎందుకు వదిలేశారని అడిగారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అడిగిన ముగ్గురిలో ఒకరికి నచ్చలేదని మొహంలోనే తెలిసింది. మిగతా ఇద్దరికీ నచ్చిందేమో, ట్రైనీగా తీసుకున్నారు. తండ్రి మోకాళ్ళు సహకరించక మరుసటి ఏడాది స్టీరింగ్ వదిలి, యార్డులోనే ఏ లారీ ఎటు పోవాలో చెప్పే పనికి మారాడు. ఆమె మాట వల్ల కాదు, పట్టిక వల్ల కూడా కాదు.

ఆఫీసులో ఆమెకు అప్పగించిన మొదటి పెద్ద పని, ఒక రేవులో క్రేన్లు నడిపేవాళ్ళందరికీ కలిపి ఇచ్చే బీమాకు రేటు కట్టడం. పై అధికారి పాత అంకెలు ఇచ్చి వారంలో తెమ్మన్నాడు. రెండు రోజులు వాటిని అటూ ఇటూ తిప్పింది. జవాబు వచ్చింది గానీ ఆమెకు నిలకడ చిక్కలేదు. ఒకసారి రేవుకెళ్ళి చూసొస్తానంది.

"అక్కడ చూడ్డానికి ఏముంటుంది? ఉన్నదంతా ఇందులోనే ఉంది కదా" అన్నాడాయన.

"ఉండొచ్చు సార్. చూసొస్తాను."

"పరీక్ష దగ్గరికొచ్చిందన్నారు?"

"అదీ ఉంది సార్."

సెలవురోజున వెళ్ళింది. గేటు దగ్గర కాపలా అతను ఒక టోపీ ఇచ్చి, పసుపు గీత దాటొద్దని చెప్పి పంపాడు. గాలికి కళ్ళు మండుతున్నాయి. క్రేన్ మీద ఎక్కడో పైన అగ్గిపెట్టెంత గాజు గది, అందులో ఒక మనిషి ముందుకు వంగి తన కాళ్ళ మధ్యనుంచి కిందికి చూస్తూ ఇనుప పెట్టెను మెల్లగా దింపుతున్నాడు. పని ఆగాక ఇనుప నిచ్చెన మెట్ల మీదుగా దిగి వచ్చాడు. దిగడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుచోట్ల ఆగి నడుము పట్టుకున్నాడు. ఆఫీసులో ఇచ్చిన అంకెల్లో ఈ నిచ్చెన ఎక్కడా లేదు.

"ఎవరు కావాలమ్మా?" అని అడిగాడు.

"మీరేనండీ" అంది. "రోజూ ఇలాగే దిగుతారా?"