అద్దంలో చెప్పిన ఖుబూల్

2025లో జహీరాబాద్‌లో జరిగిన ఒక నిఖాకు నేను హైదరాబాద్‌లో మా ఇంట్లో కూర్చునే హాజరయ్యాను. నేను సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ని. పెళ్ళికూతురు నస్రీన్‌కు చెవులు వినిపించవు. ఆమె పెట్టుకున్న ఏఆర్ గ్లాసెస్‌లో ఎదుటి మనుషులతోపాటు నా రూపమూ కనిపిస్తుంది. వాళ్ళ మాటలు నేను చేతులతో చెబుతాను, ఆమె సైగలను ఆ గ్లాసెస్ కెమెరాలో చూసి, వాటి స్పీకర్‌లోంచి గొంతుతో పలుకుతాను.

"ఒప్పుకున్నట్టు తల ఊపితే సాలదా?" అన్నారట ఇంట్లో అందరూ. నస్రీన్ ఒప్పుకోలేదు. తన నిఖాకు తన మాటే కావాలని పట్టుబట్టింది.

తీరా సమ్మతి అడగడానికి వకీల్‌గా, అంటే పెళ్ళికూతురి తరఫు పెద్దగా, ఆమె మేనమామ, ఇద్దరు సాక్షులు పరదా అవతల కూర్చున్నాక నాకు అసలు చిక్కు తెలిసింది. ఆ కళ్ళద్దాల కెమెరా బయటికే చూస్తుంది, పెట్టుకున్న మనిషి ముఖం చూపించదు. సైగల్లో ముఖమే సగం మాట. కనుబొమ్మ లేస్తే ప్రశ్న, తల అడ్డంగా ఊగితే 'కాదు'. సాక్షుల ముందు ఊహించి ఎలా చెప్పను? ఫోన్‌తో ఆమె ముఖం చూపించమందామంటే, ఆ గదిలోకి ఫోన్లు తేవద్దని పెద్దల కట్టడి.

"అద్దమేమైనా ఉందా అమ్మా?" అన్నాను.

"జల్వా అద్దం ఉన్నది మేడమ్. గని అది నిఖా అయినంక తీస్తం. పిల్ల, పిల్లగాడు అండ్ల ఒకరి మొకం ఒకరు సూస్కుంటరు," అంది నస్రీన్ అక్క.

"పిల్లగాని కంటె ముందు పిల్లనే సూస్కుంటె ఏమైతది? జల్ది తే!" అని నవ్వింది నస్రీన్ నానమ్మ.

అద్దం వచ్చింది. నస్రీన్ ముఖం, మెహందీ చేతులు నా తెర నిండా! అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!

ఈ నిఖా సమ్మతమేనా అని మామ అడిగాడు. ఆమె చేతులు కదిలాయి. మా వృత్తిలో 'ఆమె ఒప్పుకుంది' అనకూడదు, ఆమె మాటను ఆమెలాగే అనాలి. "నాకు ఖుబూల్," అన్నాను గట్టిగా. మా ఆయన పక్కగదిలోంచి తొంగిచూసి, "ఎవరితోనే?" అన్నాడు. చేత్తో పొమ్మందామంటే నస్రీన్‌కు కనపడుతుంది! నవ్వు బిగబట్టుకున్నాను.

మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ చెప్పింది. "అయిపాయె," అంటూ మామ లేవబోయాడు. నస్రీన్ చేతులు మాత్రం ఆగలేదు.

"మామూ, కూసో. ఇంకోసారి అడుగు," అని పలికాను.

"ఏంది బేటా, ఏమన్న ఫికరా?" అన్నాడు మామ కంగారుగా.

"ఫికర్ లేదు. ఎప్పుడూ నా తరఫున మీరందరే జవాబు చెప్తరు. నన్నెవరూ అడగరు. గిట్ల అడుగుతుంటె మంచిగున్నది."

గదంతా గొల్లున నవ్వింది. మామ మళ్ళీ కూర్చుని మొదటినుంచి అడిగాడు.

ఆ పిల్ల పుణ్యమా అని నాకో అలవాటైంది. దవాఖానలోనైనా, ఆఫీసులోనైనా ఎవరైనా నావైపు తిరిగి, "ఈమెకేం కావాలట?" అంటే, "ఆమెనే అడగండి" అంటాను.