ఓడ గోడ అవతలి చిటపట

అర్థం కాని చప్పుడు వినిపిస్తే మీరు మొదట ఏం చేస్తారు? దాని దగ్గరికి వెళతారా, లేక దానికో దేవుడి పేరు పెట్టి దూరం నుంచే దండం పెడతారా?

2023 ఆగస్టు. అలాస్కా తీరంలో రేవు నుంచి రేవుకు తిరుగుతూ ప్రయాణికులకు హిమనదాలు చూపించే ఓడలో నేను రిఫ్రిజరేషన్ ఇంజనీరుని. మాది తమిళనాడులో తిరువళ్ళూరు పక్కన పాండూరు. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో కంప్రెసర్లు బాగుచేస్తూ పని నేర్చుకున్నాను. ఓడలో చేపల గది, పాల గది, ఐస్ మెషిన్లు అన్నీ నా చేతి కిందివే. రోజూ మంచు తయారుచేసే నాకు మంచును చూసి నోరు తెరవాల్సిన పని లేదనుకునేవాణ్ణి.

హిమనదమంటే ఏళ్ళ తరబడి కొండల మధ్య పడిన మంచు. తన బరువుకే గట్టిపడి, మెల్లగా సముద్రం వైపు జారుతుంది. అంచు విరిగి నీళ్ళలో పడుతుంది. ఆ రోజు మా ఓడ అలాంటి ముక్కల మధ్య నెమ్మదిగా సాగుతోంది. పొద్దున్నే లాండ్రీ మాస్టర్ నా వర్క్‌షాపుకు వచ్చాడు.

"మీ వైపువాడు ఒకడు లినెన్ లాకర్‌లోకి వెళ్ళనంటున్నాడు. సాయంత్రం నాలుగు లోపల పనిలోకి దిగకపోతే జూనో రేవులో సైన్ ఆఫ్ చేయిస్తాను."

సైన్ ఆఫ్ అంటే కాంట్రాక్టు తెంచి ఇంటికి పంపేయడం. లినెన్ లాకర్ అంటే దుప్పట్లు, తువ్వాళ్ళు పెట్టే గది. ఓడ అడుగున, నీటి మట్టానికి కింద, బయటి ఇనుప గోడను ఆనుకుని ఉంటుంది.

అతను చెప్పిన మనిషి ఏలుమలై. తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగైలో నేతపని చేసే ఇంటివాడు, ఒక బిడ్డ తండ్రి. ఓడ ఎక్కడం అదే మొదటిసారి. నేను వెళ్ళేసరికి లాండ్రీ గుమ్మం దగ్గర తువ్వాళ్ళ మూట మీద కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా ఏలుమలై, ఎందుకు పోనంటావు?"

"అన్నా, గోడలోనించి చప్పుడొస్తా ఉందినా. దిష్టి తీసి నిప్పుల్లో ఉప్పేసినట్టు చిటపట చిటపట. ఈ దినం ఏం దినమో తెలుసా? ఆడి కృత్తిక, ఆడి నెలలో మురుగని పండగ."

"అయితే?"

"బిడ్డకు ఒళ్ళు బాగలేనప్పుడు తిరుత్తణి మురుగనికి పూలకావడి మొక్కుకున్నాను. బిడ్డ లేచి తిరిగింది. నేను కావడి మోయకుండా ఓడెక్కేసినాను. సామి కోపం తణిగి చల్లబడిన కొండ అంటారు గదా మనది? నా మీద మాత్రం తణగలేదునా."

నాకు నవ్వాగలేదు.

"అక్కడ కొండ నిండా కావడులుంటే, నీ ఒక్కడి కోసం అలాస్కా వచ్చి గోడ గీకతాడా? వీసా ఎవురిచ్చినారు సామికి?"

ఏలుమలై నవ్వలేదు. అది దేవుడు కాదని, ఓడ చుట్టూ తేలే మంచు కరిగేటప్పుడు అందులో ఇరుక్కున్న గాలి బయటికి చిమ్మే చప్పుడని చెప్పాను. తలెత్తి చూశాడు.

"నీకు గాలి, నాకు సామి. రెండూ కంటికి అగపడవు. నీ మాటే ఎందుకు నమ్మల్ల? నువ్వు విన్నావా ఆ చప్పుడు?"

మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా వేదికలెక్కి వాదించి గెలిచినవాణ్ణి. ఎదుటివాళ్ళను నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న అదే. నిజం చెప్పాలంటే, ఆ గాలి సంగతి నేను పుస్తకంలో చదివిందే తప్ప చెవితో విన్నది కాదు.

ఒక్కణ్ణే లాకర్‌లోకి వెళ్ళాను. ఇనుప గోడకు చెవి ఆనించాను.

ఒకటీ రెండూ కాదు, లెక్కలేనన్ని చిన్న చిన్న పేలుళ్ళు. సముద్రం మొత్తాన్ని ఎవరో బాణలిలో పోసి వేయిస్తున్నట్టుంది. అంతలో ఎక్కడో దూరంగా హిమనదం అంచు కూలిన గుభేలుకు నా చెంప కింద ఇనుము వణికింది. అంత పెద్దదాని పక్కన నా ఐస్ మెషిన్లు, నా కంప్రెసర్లు ఆటబొమ్మల్లా తోచాయి. ఏలుమలై అబద్ధం చెప్పలేదు. వాడు విన్న చప్పుడు నిజం. దానికి చెప్పుకున్న కారణమే తప్పు.

మధ్యాహ్నం, ప్రయాణికులను హిమనదం దగ్గరికి తీసుకెళ్ళిన చిన్న బోటు తిరిగొచ్చింది. ప్రయాణికులకు చూపించడానికి బోటువాడు వలతో ఒక మంచు ముక్క పట్టుకొచ్చాడు. అందులో కొబ్బరికాయంత ముక్క అడిగి తీసుకున్నాను. ఏలుమలైని నా వర్క్‌షాపుకు పిలిచాను. రెండు గాజు గ్లాసుల్లో చల్లని నీళ్ళు పోసి, ఒకదాంట్లో నా మెషిన్ ఐసు, ఇంకోదాంట్లో హిమనదం ముక్కను పగలగొట్టి ఒక పలుకు వేశాను. మామూలు ఐసు కూడా నీళ్ళు తగలగానే పగిలి కాస్త చప్పుడు చేస్తుంది. అది సద్దుమణిగేదాకా ఆగాను.

"నేనేం చెప్పను. నువ్వే విను."

మొదటి గ్లాసు చెవి దగ్గర పెట్టుకుని పెదవి విరిచాడు. రెండోది పెట్టుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇదే అన్నా! సామి సత్యంగా ఇదే చప్పుడు!"

గ్లాసును దీపం వెలుగుకు ఎత్తాడు. మంచులోంచి ఆవగింజల కంటే చిన్న బుడగలు పగిలి పైకి లేస్తున్నాయి.

"ఎప్పటి గాలినా ఇది?"

"మన తాతల తాతలు పుట్టకముందు మంచుతో పాటు చిక్కుకున్న గాలి. ఇన్నేళ్ళూ నలిగి నలిగి ఇప్పుడు బయటపడతా ఉంది."

ఏలుమలై గ్లాసుకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు.

"మా తాత గూడా పీల్చలేదు దీన్ని."

తర్వాత గ్లాసు నాకిచ్చాడు. నేనూ పీల్చాను. దానికి వాసనేమీ లేదు. అయినా ఆ గ్లాసు దించబుద్ధి కాలేదు.

నాలుగు కాకముందే ఏలుమలై లాకర్ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. నన్ను తోడు రమ్మనలేదు. కాసేపటికి లోపలినుంచి కేక వినపడింది.

"అన్నా, ఎంత పెద్దగా ఉందినా! అందర్నీ పిలువునా!"

లాండ్రీవాళ్ళంతా వరసగా వచ్చి గోడకు చెవులు ఆనించారు. లాండ్రీ మాస్టర్ కూడా ఆనించాడు. సైన్ ఆఫ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

పని ముగిశాక ఏలుమలై నాతో అన్నాడు: "వచ్చే ఆడికి కావడి మాత్రం మోస్తానునా. భయానికి గాదు. బిడ్డ కోసం ఇచ్చిన మాట." దానికి నా దగ్గర ఒక గంట వాదన ఉంది. చేయలేదు. ఆ పొద్దున నా వెక్కిరింత వాణ్ణి గుమ్మం దగ్గరే కూర్చోబెట్టింది. లోపలికి పంపింది ఆ గ్లాసు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఒక చప్పుడుకు వణికేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళను చూసి నవ్వకండి. ఉపన్యాసం దంచకండి. ముందు మీరు వెళ్ళి ఆ గోడకు చెవి ఆనించండి. తర్వాత వాళ్ళ చేయి పట్టుకుని అక్కడికే తీసుకెళ్ళండి. ఈ రోజే వెళ్ళండి.