ట్రంపెట్‌తో తగాదాకు వచ్చిన పేషెంటు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, పెళ్లిళ్ల సీజన్ మొదలవుతుండగా, నన్ను ఉప్పుగూడ వైపు ఒక చిన్న ప్రభుత్వ ఆస్పత్రికి డెంటల్ సర్జన్‌గా బదిలీ చేశారు. దంత విభాగమంటే ఒక కుర్చీ, నేను, ఒక నర్సు. వరండా నిండా పళ్లు పీకించుకోవడానికి వచ్చినవాళ్లే. పీకే అవసరం రాకుండా ముందే స్కేలింగ్ చేయించుకోండి, పళ్లకు పట్టిన గారను యంత్రంతో తీయించుకోండి అని చెబితే ముఖం తిప్పుకునేవారు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని వాళ్ల గట్టి నమ్మకం.

యాదగిరి పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని వచ్చాడు. కింది ముందుపళ్ల వెనక గార గోడ కట్టి ఉంది. బతిమాలి, కాస్త భయపెట్టి తీసేశాను. బయట వరుస పెద్దదిగా ఉండటంతో వివరాలేవీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రంపెట్‌తో సహా హాజరయ్యాడు.

"ఏం జేసినవ్ డాక్టరమ్మా? నాలిక పెడితె అన్ని సందులే. గాలి పోతున్నది. ఎల్లుండి నయాపూల్ కాడ బారాత్ ఉంది. బాజా మోగకుంటె ఇంట్ల పొయ్యి ఎట్ల ఎలుగుతది?"

అద్దం చేతికిచ్చి చూపించాను. సందులు పాతవే, ఇన్నాళ్లూ గార వాటిని పూడ్చేసింది. ఒక్కో పన్నునూ వేలితో నొక్కాను, ఒక్కటీ కదల్లేదు. అయినా నమ్మలేదు. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే, అతని పొట్ట కొట్టానేమోనని భయమూ వేసింది. అయితే ఇక్కడే ఊదమన్నాను.

మొదటిసారి తుస్సుమంది. వరండాలో నవ్వులు. పెదవి తడుపుకుని మళ్లీ ఊదాడు. ఈసారి ఆస్పత్రంతా బారాత్ అయిపోయింది. చెంప వాచి కూర్చున్న ఒక ముసలాయన కూడా భుజాలు ఊపాడు.

"గాలి పండ్లల్లకెళ్లి పోతలేదమ్మా, నా దిమాగ్‌లకెళ్లి పోయింది" అంటూ కుర్చీ ఎక్కి, పైపళ్లు కూడా సాఫ్ చేయమన్నాడు.

ఆస్పత్రిలో ఈ మేళమేమిటని సూపరింటెండెంట్ నాకు మెమో ఇచ్చారు. చికిత్సలో భాగమని సంజాయిషీ రాసిచ్చాను. మూడు నెలలకు యాదగిరి బ్యాండు మొత్తాన్ని వెంటబెట్టుకొచ్చాడు. డోలు కొట్టేవాడికి పళ్లతో అంత పనేమిటని ఆటపట్టిస్తే, "పెండ్లిల బిర్యానీ తినాలె గద మేడం" అన్నాడా డోలు మనిషి.

ఆ తర్వాత స్కేలర్ పట్టేముందు ప్రతి పేషెంటుకూ అద్దం ఇచ్చి, రేపు నాలుకకు సందులు తగులుతాయని, అవి ఎందుకో చెప్పేదాన్ని. అర నిమిషం పని. అప్పటిదాకా ఉద్యోగమంతా ఆ అర నిమిషాన్ని మిగుల్చుకుంటూ వచ్చాను. నేనే పళ్లు వదులు చేశానని నమ్మి ఎంతమంది మళ్లీ రాలేదో నాకు తెలియదు. యాదగిరి తగాదాకు వచ్చాడు కాబట్టి, ఆ నమ్మకంలో నా చేయి కూడా ఉందని తెలిసింది.