నా తల ముట్టని మంగళవారాలు

మా మేస్త్రి పోయాడన్న కబురు నరసరావుపేట బస్సు కండక్టరు తెచ్చాడు. మాచర్ల బస్టాండు ఎదురుగా ఉన్న నా సెలూన్లో, గొంతు కింద నా కత్తి ఉండగానే అన్నాడు: "కోర్టు దగ్గర మీ మేస్త్రి మొన్న పోయాడంట గదా. నిన్ననే దహనం కూడా అయిపోయిందంట. నీకు తెలవదా?" నా చెయ్యి ఆగలేదు. గొంతు దగ్గర మొదలైన కత్తిని అదే ఒత్తిడితో దవడ దాకా తెచ్చి, తుడిచి, పటిక రాసి, అప్పుడు బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. "చావు కబురు చెవిన పడ్డా చెయ్యి ఆగగూడదురా. ఆగిన చోటే తెగుద్ది" అని నేర్పింది ఆయనే.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచి చెబుతాను, ఉన్నంత మేరకు. మిగిలింది కూడా చెబుతాను. నా చేతిలో విద్య ఆయన పెట్టిందే. నా కడుపులో మంటా ఆయన పెట్టిందే.

మాది గురజాల వైపు ఒక పల్లె. ఏసుప్రభువును నమ్ముకున్నా ఊరికి మేం అంటరానివాళ్ళమే, కాబట్టి ఊరి మంగలి మా వైపు వచ్చేవాడు కాదు. మా అయ్యకు మా చిన్నాన్న, చిన్నాన్నకు మా అయ్య, గొర్రెల బొచ్చు తీసే కత్తెరతో కోసుకునేవాళ్ళు. నా తల మా అమ్మ కోసేది. పెళ్ళికొడుకైనా సరే, ఎలకలు కొరికినట్టున్న తలతోనే పాస్టరుగారి ముందు నిలబడేవాడు. చూసి ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. మిషన్ బళ్ళో ఎనిమిది దాకా చదివిన నాకు పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఆ నవ్వు తట్టుకోవడం కష్టమైంది. ఆ పనేదో నేనే నేర్చుకుందామని నరసరావుపేటకు వెళ్ళాను.

మూడు సెలూన్లవాళ్ళు పొమ్మన్నాక ఆయన దగ్గరికి వెళ్ళాను. నా కులం దాచలేదు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "చేతులు చూపియ్యి" అన్నాడు. చూపించాను.

"చేతి ఏళ్ళు పొడుగే. నేర్పుతా. ఎవురన్నా అడిగితే వినుకొండ వైపు మాకు దూరపు చుట్టానివి. ఆ కులం పేరు మాత్రం ఇక్కడ చెప్పమాక."

ఆ మాటల్లో ఆయన ధైర్యమూ ఉంది, పిరికితనమూ ఉంది. ఆ రోజు నాకు ధైర్యమే కనపడింది.

మొదటి మూడు నెలలూ మనిషి ముఖం ముట్టనివ్వలేదు. బూడిద గుమ్మడికాయ తెచ్చి నా ఒళ్ళో పెట్టేవాడు. దాని మీది తెల్లటి బూడిదంతా కత్తితో గీసెయ్యాలి, తోలు మీద మాత్రం గీత పడకూడదు. గీత పడితే అదే గుమ్మడికాయ పులుసు. ఆ మూడు నెలలూ వాళ్ళింట్లో పులుసు తిని తిని విసిగిపోయారు. ఒక రోజు ఆయన కాయను వెలుతురుకు తిప్పి తిప్పి చూసి, తన గడ్డం ముందుకు చాపాడు. నేను గీసిన మొదటి గడ్డం ఆయనదే.

కత్తి పదును ఆయన తన ఎడమ ముంజేతి మీదే చూసుకునేవాడు. అందుకని ఆ చేతి మీద వెంట్రుక మొలిచిన రోజు లేదు. చలికాలం కత్తిని కాసేపు అరచేతుల మధ్య పెట్టి వెచ్చచేసేవాడు. "చల్లటి కత్తి చెంపదెబ్బతో సమానం" అనేవాడు. తనకంటే చిన్నవాళ్ళైన ఆసాములు "ఒరేయ్" అని పిలిచినా అదే వెచ్చటి కత్తి పెట్టేవాడు. వాళ్ళిళ్ళకు వెళితే గడప బయటే నిలబడేవాడు. గడప బయట నిలబడటం ఎలా ఉంటుందో తెలిసిన మనిషే నన్ను తన గడప బయట నిలబెట్టాడు. నా బాధంతా అదే.

మంగళవారం క్షవరం ఊరికి పనికిరాదు. మాకు మాత్రం అదొక్కటే తీరిక. తలుపు దగ్గరికి వేసి, ఒకరి తల ఒకరు కత్తిరించుకునేవాళ్ళు. మేస్త్రికి ఆయన బామ్మర్ది, బామ్మర్దికి మేస్త్రి. మంగలి తల మంగలే చెయ్యాలి, అది వాళ్ళ వృత్తిలో మర్యాద. చివర్లో నేను మిగిలేవాణ్ణి. మొదటి వారం ఆశగా కుర్చీ వైపు ఒక అడుగు వేశాను కూడా. బామ్మర్ది మొహం తిప్పుకున్నాడు. మేస్త్రి దువ్వెన కడుగుతూ, "పొద్దుపోయిందిరా. వచ్చే మంగళవారం చూద్దాంలే" అన్నాడు.

రెండేళ్ళకు పైగా అదే మాట. నూరు మంగళవారాలు. బజార్లో చుట్టాన్ని, తలుపు మూస్తే కాదు. నెలకోసారి ఇంటికి వెళ్ళి మా అమ్మ ముందు తల వంచేవాణ్ణి. ఒకసారి ఒక గుమస్తా నన్ను చూసి, "ఏంది మేస్త్రీ, అందరి తలలూ అద్దంలా చేస్తావు, మీ చుట్టం తల కోడిని పీకినట్టుందే?" అని నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

వాయిదా కోసం కోర్టుకు వచ్చిన మా ఊరి ఆసామి ఒకరోజు నా కుర్చీలోనే కూర్చున్నాడు. తువ్వాలు కప్పేదాకా నేను గుర్తుపట్టలేదు. సగం గడ్డం అయ్యాక అద్దంలో నా మొహం చూశాడు.

"ఒరేయ్, నువ్వు పల్లెలో దానియేలు కొడుకువి గదంట్రా?"

ఒక చెంప మీద నురగతోనే లేచి నిలబడ్డాడు. నేను మేస్త్రి వైపు చూశాను. ఒక్క మాట, నాకు తెలిసే పెట్టుకున్నానని ఒక్క మాట అంటాడని.

"నాకూ అట్టనే అబద్ధం చెప్పి చేరాడు దొరా. నాకేం తెలుసు" అన్నాడు. కుర్చీ కడిగించి, వేరే కత్తి తీసి, మిగిలిన సగం ఆయనే గీశాడు. చెయ్యి ఆగలేదు.

ఆ సాయంత్రమే షాపు వదిలి మాచర్ల బస్సు కోసం నిలబడి ఉంటే మేస్త్రి వెనకాలే వచ్చాడు. గుడ్డలో చుట్టిన కత్తెర, క్రాఫు మిషన్, కత్తి తెచ్చాడు. నలుగురూ చూస్తున్నారు. నా చేతికివ్వలేదు. బెంచీ మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"నలుగురు పిల్లల్రా నాకు. డ్యాం కాడికి పో. అక్కడ చానామంది జనం. కులం అడిగే తీరిక ఎవురికీ లేదంట."

ఆయన చెప్పింది నిజమైంది. కృష్ణ మీద డ్యాం కడుతున్న చోట, రేకు నీడన, బోర్లించిన సిమెంటు డబ్బా నా మొదటి కుర్చీ. మొదట కూర్చున్నవాడు ఒక సాయిబు మెకానిక్కు. "జుల్పీలు సమానంగా రావాల భాయ్" అన్నాడంతే. ఇంకేమీ అడగలేదు. ఆ ఏడాదే మా పల్లెలో ఒక పెళ్ళికొడుక్కి నేను క్రాఫు దిద్దితే మా అమ్మ ఏడ్చింది. తర్వాత మాచర్లలో ఈ షాపు. అన్నీ ఆయనిచ్చిన కత్తెరతోనే.

రెండు నెలల కింద ఆయనకు పక్షవాతం వచ్చిందని విని వెళ్ళాను. పన్నెండేళ్ళ తర్వాత అదే వెళ్ళడం. షాపు మూసి ఉంది, మంగళవారం. ఇంటి వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు. గడ్డం మాసి ఉంది. కత్తిని అరచేతుల్లో వెచ్చచేసి గీశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. అయిపోయాక బాగున్న చేత్తో నా మెడ పట్టుకుని ముందుకు వంచాడు. వేళ్ళు నా తల వెనక పైకీ కిందికీ తడిమాయి. ఆ చెయ్యి నా తల మీద పడటం అదే మొదటిసారి.

"ఎనక మెట్లు పడ్డయ్. ఎవురురా కోసింది?"

"మా ఆవిడండీ."

"కత్తెర ఇటియ్యి. కూర్చో."

నూరు మంగళవారాలు ఎదురుచూసిన మాట. నా కళ్ళు తడిశాయి. అయినా నా లోపల ఎక్కడో ఆ గుమస్తా నవ్వాడు. చాపిన చెయ్యి వణుకుతోంది. వణకకపోయినా బహుశా నేను అదే అనేవాణ్ణి.

"పొద్దుపోయింది మేస్త్రిగారూ. వచ్చే మంగళవారం చూద్దాంలెండి."

ఆయనకు అర్థమైంది. నేను కత్తెర గుడ్డలో చుట్టుకుని, చెప్పులు తొడుక్కుని, వాకిట్లోంచి ఒకసారి వెనక్కి తిరిగాను. ఆయన చెయ్యి ఇంకా ముందుకు చాచే ఉంది. ఖాళీ చేతి రెండు వేళ్ళు గాలిలో కత్తెర ఆడిస్తున్నాయి.