మొద్దు బట్ట

కూకట్‌పల్లిలో మెట్రో లైను పక్క సందులో, మూడో అంతస్తులో, యూనిఫారాలు కుట్టే చిన్న కంపెనీ ఒకటుంది. హైటెక్ సిటీ టవర్లలో నేల తుడిచేవాళ్ళు, గేటు దగ్గర నిలబడేవాళ్ళు వేసుకునే బట్టల్లో చాలావరకు అక్కడ కుట్టినవే. ఆ కంపెనీకి బట్ట కొనే మనిషి చలపతిరావు. ఎప్పుడో చీరాల నుంచి వచ్చాడు. పెద్ద చదువేమీ లేదు. ఉన్నదల్లా రెండు వేళ్ళు. బట్ట తాను అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క నలుపు నలిపాడంటే, అందులో పాలియెస్టర్ పాలెంతో, చెమట పీల్చే మెత్తని విస్కోస్ పాలెంతో, ఉతికితే ఏమవుతుందో, అన్నీ చెప్పేసేవాడు. కంపెనీ పెట్టిన సోమేశ్వరరావు "చలపతి పట్టి చూశాడా?" అని అడిగేవాడు. చూశాడంటే ఇంకేమీ అడిగేవాడు కాదు. ఆయన పోయాక కుర్చీలో కూర్చున్న కూతురు రమ్య కూడా అదే ప్రశ్న నేర్చుకుంది.

షుగరు ఆ వేళ్ళలోకి ఎప్పుడు దిగిందో చలపతిరావే చెప్పలేడు. మొదట తిమ్మిరిలా ఉండేది. తర్వాత అదీ లేదు. టీ గ్లాసు పట్టుకుంటే వేడి అరచేతికి తెలిసేది, వేళ్ళకి తెలిసేది కాదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసిన బాధ కూడా ఏమీ కలగలేదు. ఏళ్ళ తరబడి వాడుకగా కొనే మిల్లు ఒకటే, వచ్చే బట్టా ఒకటే. కళ్ళతో చూసి, అలవాటుగా వేళ్ళతో నలిపి, తల ఊపితే రోజు గడిచిపోయేది.

ఆ మిల్లు ఏజెంటు ఒక ఉదయం ఫోన్ చేశాడు.

"విస్కోస్ నూలు దొరకడం లేదండి. దానికి కావలసిన కలప గుజ్జు పైదేశాల నుంచి రావాలా, ఓడలేమో ఎర్ర సముద్రం వైపు రావడమే మానేశాయి. ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తున్నాయి. వచ్చేదాకా ఆగాలి. వచ్చాక రేటు నన్నడగొద్దు."

టవరు వాళ్ళతో ఏడాది పొడవునా ఒకే రేటని ఒప్పందం. ఆగితే వాళ్ళు ఊరుకోరు. రమ్య వేరే మిల్లు నుంచి బట్ట ముక్క తెప్పించి బల్ల మీద పెట్టింది. అదే నీలం, అదే మెరుపు.

"విస్కోస్ ఏమీ తగ్గించలేదంటున్నారు బాబాయ్. నాకేమో నమ్మకం లేదు. మీరు పట్టి చూడండి."

చలపతిరావు పట్టి చూశాడు. గాలిని నలిపినట్టుంది. పాత ముక్క తీసి నలిపాడు. అదీ అంతే.

పక్కనే సోమేశ్వరరావు ఫొటో ముందు, అగరొత్తుల దగ్గర అగ్గిపెట్టె ఉంది. ఒక పోగు లాగి కాల్చితే చాలు, గుట్టు బయటపడుతుంది. విస్కోస్ అయితే కాగితంలా బూడిదవుతుంది, పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి చలపతిరావే నేర్పేవాడు, ఇది వేళ్ళతో పట్టి చూడటం రానివాళ్ళ పరీక్ష అని నవ్వుతూ. ఇప్పుడు ఆ అగ్గిపెట్టె అందుకుంటే రమ్య ఎందుకని అడుగుతుంది.

"పర్వాలేదమ్మా, తీసుకో," అన్నాడు. అనేశాక ఏమీ అనిపించలేదు.

సగం జతలు కుట్టి పంపాక, మిగతావాళ్ళ కొలతల కోసం చలపతిరావు టవరుకి వెళ్ళాడు. పాంట్రీ పక్కన కొత్త చొక్కా వేసుకున్న సాయమ్మ కనిపించింది. తుడుపు కర్ర గోడకి ఆనించి మెడ గోక్కుంటోంది.

"ఏంది సారూ, గీ బట్ట? యూరియా సంచి తొడుక్కున్నట్టే ఉన్నది. చెమట పోతలేదు. సూడు, మెడంత పొక్కులు."

"ఓడలు రావడం లేదమ్మా. చుట్టూ తిరిగొస్తున్నాయి. అందుకని వేరే బట్ట..."

"ఓడలు తిరుగుతె నా మెడ మీద పొక్కులొస్తయా? మంచిగ చెప్పినవ్!" సాయమ్మ పక్కామెను చూసి నవ్వింది. "ఏసీల కూసునేటోళ్ళు ఏసుకుంటరా దీన్ని? మెట్లు తుడిచేది మేము. మొద్దు బట్ట సారూ. ఎవలు పట్టి సూసిన్రో గాని, ఆ చేతులు గూడ మొద్దే ఉన్నట్టున్నయ్."

చలపతిరావు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కొలత కోసం తెచ్చిన కొత్త బట్ట చొక్కా చేతిలోనే ఉంది. మడత విప్పి, కాలరు తన మెడకి ఆనించుకుని అటూ ఇటూ రుద్దాడు. గరగరలాడింది. మెడకి తెలిసింది.

"గట్ల సూడాలె," అంది సాయమ్మ కర్ర అందుకుంటూ.

ఆఫీసుకి తిరిగొచ్చి, రమ్య ఎదురుగానే అగ్గిపెట్టె తీశాడు. చొక్కా అంచు నుంచి పోగు లాగి కాల్చాడు. బూడిద లేదు. నల్లటి పూస మిగిలింది. గట్టిదో కాదో చూడటానికి పాత అలవాటుకొద్దీ రెండు వేళ్ళ మధ్య నొక్కాడు. చల్లారనివ్వాలన్న సంగతి గుర్తురాలేదు.

"బాబాయ్! కాలుతుంది!" రమ్య లేచి ఆయన చెయ్యి లాగింది.

చూపుడువేలి కొసన చర్మం కమిలి ఉంది. చలపతిరావు దాన్ని ఇంకెవరిదో వేలు చూసినట్టు చూశాడు. రమ్య ఆ వేలు వంకా, పూస వంకా, చివరికి ఆయన ముఖం వంకా చూసింది. అడగవలసింది అంతా అందులోనే తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఓడలు దారి మళ్ళక ముందు నుంచే అమ్మా."

రమ్య కోప్పడలేదు. కోప్పడినా ఆయన అలాగే నిలబడేవాడేమో. ఆమె లోపలికెళ్ళి మిగతా కటింగు ఆపించింది. టవరు వాళ్ళకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని, ఇచ్చిన జతలు మార్చి ఇస్తామని చెప్పింది. అవతలివాళ్ళు ఏమన్నారో గాని, చాలాసేపు "అవునండి, అవునండి" అంటూనే ఉంది.

పాత మిల్లు నుంచి బట్ట వచ్చేసరికి ఎండలు ముదిరాయి. రమ్య బట్ట తాను విప్పి, కాలిన చోట మానిన చర్మం కొత్తగా మెరుస్తున్న ఆయన వేలిని ఓసారి చూసి, అంచు తనే పట్టుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు చలపతిరావు.

"మెత్తగా ఉంది బాబాయ్."

"మెత్తగా అంటే చాలదు. నలిపి వదులు. ముడత నిలిచిందా, పోయిందా?"

ఆమె మళ్ళీ నలిపింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆ ముడత వంకే చూస్తూ నిలబడ్డాడు.