మండిందా?

మా పెద్దమందడిలో ఆయన్ని అందరూ డాక్టర్ సాబ్ అనేవాళ్లు. డాక్టరు చదువేమీ లేదు, కొన్నాళ్లు వనపర్తిలో కాంపౌండరుగా చేశాడంతే. మోకాళ్ల నొప్పికైనా, జ్వరానికైనా, కోడలితో పోట్లాడి నిద్రపట్టని అత్తకైనా ఆయన దగ్గర ఒకటే మందు, ఎర్రటి విటమిన్ సూది. పొడిచి, దూదితో రుద్దుతూ, మన మొహంలోకి చూసి అడిగేవాడు: "మండిందా?"

మండితే పని చేసినట్టు. అది ఆయన శాస్త్రం, ఊరి శాస్త్రం కూడా.

ఓసారి నడుము నొప్పితో వెళ్లి, ఉన్నమాటే చెప్పాను, మండలేదని. ఆయనకు కోపం వచ్చింది. "గట్లెట్ల మండదు? గా దిక్కు తిరుగు" అని రెండోవైపు కూడా పొడిచాడు. ఈసారి అడగకముందే "మండింది సాబ్" అన్నాను. సిగ్గుచేటు ఏమిటంటే, తెల్లారేసరికి నొప్పి పోయింది.

మొన్నామధ్య ఆయనకే జ్వరం వచ్చి వనపర్తి దవాఖానలో చేరాడు. నేను చూడబోయేసరికి నర్సుతో తగువాడుతున్నాడు.

"పొద్దుగాల ఏసిన సూది జర గూడ మండలేదమ్మా. గందుకే జ్వరం ఎక్కువైంది. గిట్లైతే నేను బతుకుతనా?"

ఆమె విసుక్కోలేదు. పొద్దుటి మందే మళ్లీ తెచ్చి, "ఇది మస్తు మండుతది పెద్దాయనా, ఓర్చుకోవాలె" అంది. ఆయన గోడవైపు తిరిగి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. దూది తగలగానే "అబ్బా!" అని కేకపెట్టాడు.

"సూదంటే గిదిరా" అన్నాడు నాతో, కళ్లు తెరవకుండానే, ఎంతో తృప్తిగా.

ఆమె చేతిలోని సూదికి మూత ఇంకా తీయనేలేదు.