మేడమ్ బేస్‌మెంట్‌లో పెట్టించిన మీటింగు

మా మేడమ్ పోయారని కరోల్ బాగ్‌లో కుక్కర్ గ్యాస్కెట్ కొంటుండగా నాకు ఫోన్లో తెలిసింది. ఫోన్ చేసినతను మా ఆస్పత్రి ఆఫీసు మనిషే. పోయారని ఒక ముక్క చెప్పి, వెంటనే సంతాప సభకి ఫోటో ఒకటి కావాలి, నవ్వుతున్నదైతే బాగుంటుందన్నాడు. ఆమెది నవ్వుతున్న ఫోటో ఉంటుందనుకున్నాడంటే ఆమెతో ఒక్క పూట కూడా పనిచేయలేదన్నమాట. లేదని చెప్పి పెట్టేశాను. ఇంటికొచ్చాక మాత్రం ఏడుపు ఆగలేదు.

సభలో ఆమెని దార్శనికురాలన్నారు. ఆస్పత్రిని కొత్త యుగంలోకి నడిపించిన మహిళ అన్నారు. అప్పటి కొనుగోళ్ల కమిటీ ఛైర్మన్ గారు రిటైరైనా ఓపిక చేసుకుని వచ్చి, బ్లడ్ బ్యాంకు నెట్‌వర్కు తామిద్దరూ కలిసి తెచ్చిందేనని మైకులో చెప్పారు. ఆ మాట విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆస్పత్రికి కంప్యూటర్ విభాగం అధికారి. గుంటూరు వైపు మనిషి. నేను వరంగల్ నుంచి వచ్చి ఆమె కింద చేరాను. ఆమెకి చాలామందంటే చులకన. దాన్ని దాచుకోవాలన్న ఆలోచన కూడా ఉండేది కాదు. సేల్స్‌మన్ మాట్లాడుతుంటే కళ్లు మూసుకునేవారు. అతను తెచ్చిన బ్రోచర్ని తిరగేసి వెనకవైపు ఖాళీలో ఇంటికి కావలసిన సరుకులు రాసుకునేవారు. ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకున్న ఫిల్టర్ కాఫీ నాకు సగం పోసేవారు కానీ కమిటీ సభ్యులకు చుక్క ఇచ్చేవారు కాదు. "వాళ్లకి బ్రూ చాలు, తేడా తెలీదు" అనేవారు.

ఇక అసలు సంగతి. మా బ్లడ్ బ్యాంకు బేస్‌మెంట్‌లో ఉండేది. ఏ గ్రూపు రక్తం ఎంత ఉందో ఒక పాత పర్సనల్ కంప్యూటర్లో ఉండేది. పర్సనల్ కంప్యూటర్ల మీద యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడపడం మొదలైన కాలం నాటిది అది. వార్డుల నుంచి దాన్ని చూసే వీలు లేదు. అందుకని రోగి తాలూకు మనిషి చీటీ పట్టుకుని మేడ మీంచి బేస్‌మెంట్‌కి పరిగెత్తాలి, ఉందో లేదో కనుక్కుని మళ్లీ పైకి పరిగెత్తి డాక్టరుకి చెప్పాలి, మళ్లీ దిగాలి. లిఫ్టు పనిచేసేది కాదు. ఆ పరుగు ఆపాలని మేడమ్ పట్టుదల. ఆ యూనిక్స్‌తో నెట్‌వర్కు సాఫ్ట్‌వేర్ రాలేదు, విడిగా కొనాలి.

పద్ధతి ప్రకారం మూడు కొటేషన్లు వచ్చాయి. మొదటిదాంట్లో లేనిది లేదు: మెయిలు, ప్రింటర్లు, ఫైళ్లు పంచుకోవడం, రంగుల మెనూలు. మూడోది ఒక్క పనే చేస్తుంది, ఎక్కడో ఉన్న స్క్రీన్ నుంచి ఈ మెషీన్‌లోకి వచ్చి చూడనిస్తుంది. రెండోదాని గురించి చెప్పేందుకేమీ లేదు. కమిటీల్లో రెండోది ఎప్పుడూ లెక్క సరిపెట్టడానికే ఉంటుంది.

మా కమిటీల దగ్గర ఒక ఆచారం ఉండేది. కంపెనీవాళ్లు తమ సొంత మెషీన్లు రెండు తెచ్చి, ఏసీ ఉన్న మీటింగ్ హాల్లో, సమోసాల పక్కన పెట్టి డెమో ఇస్తారు. సభ్యులు చూస్తారు, తింటారు, మార్కులు వేస్తారు. సాఫ్ట్‌వేర్ నడవాల్సిన మెషీన్ని ఎవరూ చూడరు. అది బేస్‌మెంట్‌లో ఉంటుంది, అక్కడ ఫినాయిల్ వాసన. ఇలా హాల్లో పెళ్లిచూపులు చూసి కొన్న సరుకు మా స్టోర్ రూమ్ నిండా ఉండేది. ఈసారీ అందరూ మొదటిదానికే మార్కులు వేశారు. మెనూ నీలం రంగులో చాలా బాగుందని ఒకాయన రాశాడు కూడా. ఆయన కళ్ల డాక్టరు.

మేడమ్ మాత్రం మనకి మూడోది చాలంటూ సంతకం పెట్టలేదు. తుది మీటింగు బేస్‌మెంట్‌లో, ఆ మెషీన్ ముందే జరగాలన్నారు. ఛైర్మన్ గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని దిగారు. మొదటి కంపెనీ సేల్స్‌మన్ తన సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. కౌంటర్లో ఉండే దీదీ ఎప్పట్లాగే రికార్డు తెరవబోయింది. తెరుచుకోలేదు. పాత మెషీన్‌కి ఉన్న కాస్త మెమరీనీ రంగుల మెనూలు తినేశాయి. కిటికీ అవతల ఒకాయన చీటీ పట్టుకుని ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు. సేల్స్‌మన్ ఒకసారి రీస్టార్ట్ చేద్దామన్నాడు. అదృష్టవశాత్తూ మేడమ్ పొద్దున్నే ఆ రోజు నిల్వలన్నీ కాగితం మీద రాయించి ఉంచారు. దీదీ అది చూసి ఆయనకి రక్తం ఇచ్చి పంపింది.

తప్పు పాత మెషీన్‌దని, దాన్ని పారేద్దామని ఛైర్మన్ గారు తేల్చారు. రికార్డుల ప్రోగ్రాం దాని మీద తప్ప నడవదు, రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, కొత్తది తయారయ్యేదాకా ఇదే గతి అని మేడమ్ ఎన్నిసార్లు చెప్పారో. ఆయన పట్టించుకోకుండా, మెనూ ఉంటే స్టాఫ్‌కి సులువు కదా మేడమ్‌జీ అన్నారు. మేడమ్ హిందీలోనే జవాబిచ్చారు.

"ఇప్పుడు పైకి పరిగెత్తినాయన్ని పిలిచి అడగండి, మెనూ ఏ రంగులో కావాలో."

ఛైర్మన్ గారి మొహం మాడిపోయింది. సరే, మీ మూడోదే తీసుకోండి, కానీ కమిటీకి సంబంధం లేదు, మీ ఒక్కరి సంతకం మీదే, ఏదైనా జరిగితే ఎంక్వైరీ కూడా మీ ఒక్కరి మీదే అన్నారు. అప్పుడు మేడమ్ ప్రమోషన్ ఫైలు కదులుతోంది. వెనక్కి తగ్గుతారనుకున్నారు. ఆమె అక్కడే, దీదీ బల్ల మీదే సంతకం పెట్టేశారు.

మెట్లెక్కుతుంటే మాత్రం మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకున్నారు.

"భయంగా ఉందయ్యా" అన్నారు. "ప్రమోషన్ పోతే పోయింది. రేపు వార్డులో ఒక గ్రూపు బదులు ఇంకోటి కనపడిందనుకో, నేనేం చెయ్యను?"

ఆమె నోట భయమన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే. తర్వాత చాలా రోజులు ఆమె వార్డులో ఒక మనిషినీ, బేస్‌మెంట్‌లో ఒక మనిషినీ నిలబెట్టి, రెండుచోట్లా కనిపించేవి ఫోన్లో చదివించి సరిచూశారు. అదీ అయ్యాకే నర్సులకి అప్పగించారు. ఒక్క తేడా రాలేదు. ప్రమోషన్ కూడా రాలేదు. కలుపుగోలుతనం లేదని రాశారట. నెట్‌వర్కు వచ్చినందుకు అభినందన పత్రం కమిటీకి వెళ్లింది. నేను మండిపడితే, "పటం కట్టించుకోనీలేవయ్యా, గోడకి మేకు వాళ్లే కొట్టుకోవాలిగా" అని తన పనిలో పడ్డారు.

ఆమె నుంచి నేను యూనిక్స్ కొంత నేర్చుకున్నాను, చులకన చాలా నేర్చుకున్నాను. రెండోదే నన్ను ఎక్కువసార్లు కాపాడింది. కానీ ఆమె చులకన కింద ఉన్న ఆ భయం, ఎవరికో ఏదో అవుతుందన్న భయం, అది నాకు ఇంకా పూర్తిగా అబ్బలేదు. అది లేకుండా చులకన ఒక్కటే ఉంటే ఛైర్మన్ గారికీ నాకూ పెద్ద తేడా ఏం లేదు.

సభలో ఛైర్మన్ గారు ఇంకా మాట్లాడుతుండగానే లేచి బయటికొచ్చి, ఊరికే సర్జికల్ వార్డువైపు నడిచాను. ఒక ముసలాయన నర్సు బల్ల దగ్గర నిలబడి, పల్లెటూరి హిందీలో రక్తం కోసం ఎక్కడికి వెళ్లాలని అడుగుతున్నాడు. ఆమె స్క్రీన్ చూసి, ఉంది, తెప్పిస్తాం, మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదంది. ఆయన కాసేపు నమ్మలేనట్టు అక్కడే నిలబడ్డాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, కాళ్లు చాపుకున్నాడు.